సేద్యపు చదువునకు పరిశ్రమల సాయము

వ్యవసాయ కళాశాలలలో చదువుకొను విద్యార్థులకు పరిశ్రమలును, వర్తకసంస్థలును ఇచ్చుచున్న విద్యార్థివేతనములను గూర్చి నేడు మీతో కొంత ముచ్చటింప దలచితిని. విద్యార్థివేతన మనగా చదువుకొనువాని ఫీజు, పుస్తకములు, భోజనము, బస, వీనిలో కొంతకుగాని అంతటికిగాని మరియొకరు చేయు ద్రవ్యసాహాయ్యము. మా ప్రాంతపు పెద్దలు దీనిని వజీఫా యనెడివారు. నేటి పిల్లలు స్కాలరుషిప్పందురు. పేరేదైనను ఇచ్చు చేయి ఒకటియు, పుచ్చుకొను చేయి ఒకటియు నుండును. ఆ రెండు చేతుల నడుమ ఒక కాగిత ముండును. ఆ కాగితమును చదువుట యెట్లు అనునదే నా ప్రసంగమునకు ముఖ్యవిషయము.

నేను కేసముద్రములో బహుకాలము బడిపంతులుగా నుండి విశ్రాంతి గైకొన్నవాడను. మా యూరు కాజీపేట, డోర్నకల్లుల నడుమ రైలుమార్గముపై నున్నది. చిరకాలము వరంగల్లు జిల్లాలోనిదై, 2016 అక్టోబరులో మహబూబాబాదు జిల్లా యేర్పడినప్పుడు అందు చేరినది. మా యూరిని పరదేశస్థులకు తెలిపినది వ్యవసాయ మార్కెట్టు. పంటకాలమున తెల్లవారక మునుపే మక్కలు, వడ్లు, పసుపు, ప్రత్తి మోసికొని బండ్లు వచ్చి నిలుచును. అడ్తిదారులు, ఖరీదుదారులు, దడవాయిలు, హమాలీలు, వీరందరి కేకలతో ఆవరణము మారుమ్రోగును. మా బడిపిల్లలు లెక్కలు నేర్చినది నా నల్లబల్ల మీదకంటె ఆ మార్కెట్టులోనే యెక్కువ యని నేను పలుమారు తలంచితిని.

2024వ సంవత్సరము వర్షకాలమున నొక సాయంకాలము నా పూర్వవిద్యార్థియగు ఒక రైతు మా యింటికి వచ్చెను. అతనికి మూడెకరముల భూమి కలదు. అందు ఎకరమున్నర మిరప, తక్కినది ప్రత్తి వేయుచుండును. అతని కుమార్తె ఇంటర్మీడియెటు ముగించి, ప్రవేశపరీక్షలో నెగ్గి, వ్యవసాయ కళాశాలలో స్థానము సంపాదించుకొన్నది. ఆ సంతోషవార్తతోబాటు అతడొక కాగితపు కట్టను దెచ్చెను. వ్యవసాయసామగ్రి అమ్ము ఒక సంస్థవారు, పల్లెటూరి విద్యార్థులకు నాలుగేండ్లును ఖర్చులు భరింతుమని పంపిన పత్రము లవి. సంస్థ పే రిక్కడ నవసరము లేదు.

“సారూ, ఇది దానమా, అప్పా? ఆ ఒక్క ముక్క చెప్పుండ్రి. సంతకం పెట్టుడా, వద్దా?” అని అతడడిగెను.

నేను కండ్లద్దములు పెట్టుకొని రెండు పుటలు చదివి, “నాకు గూడ తెల్వది తమ్మీ, రెండు దినాలు నా దగ్గర పెట్టిపో” అంటిని.

ఆ రెండు దినములలో నేను నేర్చుకొన్నదియు, తరువాత విచారించి తెలిసికొన్నదియు మీకు విన్నవించెదను.

మొదట ఆ పిల్ల ఈ చదువు నేల కోరినదో చెప్పవలెను. 2021-22లో మా ప్రాంతపు మిరపతోటలపై నల్ల తామరపురుగు వచ్చి పడినది. శాస్త్రజ్ఞులు దానిని థ్రిప్స్ పార్విస్పైనస్ అందురు. ఇది మన దేశపు పురుగు గాదు. 2015లో బెంగుళూరు ప్రాంతమున బొప్పాయి చెట్లపై మొట్టమొదట కనబడి, ఆరేడేండ్లలో మన మిరపను పట్టుకొన్నది. పూవులో దూరి రసము పీల్చును. పూవు రాలును, కాయ నిలువదు. రైతులు ఒక మందు వెంబడి మరియొక మందు చల్లిరి. దుకాణమువాడు చెప్పినది చల్లిరి, పొరుగువాడు చల్లినది చల్లిరి. పురుగు మిగిలెను, అప్పు మిగిలెను, పంట మిగులలేదు. అప్పుడా బాలిక పదవ తరగతి చదువుచుండెను. సాయంకాలము బడినుండి వచ్చి, తండ్రి భుజముననున్న స్ప్రేయరును దించి, ఖాళీ మందుడబ్బాలపై నున్న చిన్న యక్షరములను చదువుచు కూర్చుండెడిదట. “ఇన్నిట్ల ఏది పనిచేస్తదో ఎవరు చెప్తరు నాయినా?” అని యడిగినదట. ఆ ప్రశ్నయే ఆమెను వ్యవసాయ కళాశాల వాకిటికి గొనిపోయినది.

ఆ కళాశాలల చరిత్రమును గూర్చి రెండు మాటలు. మదరాసు రాజధానిలోని తెలుగు పిల్లలు సేద్యశాస్త్రము చదువవలెనన్న పూర్వము కోయంబత్తూరు పోవలసియుండెడిది. అచ్చటి కళాశాల 1906 నాటిది. తెలుగునేలపై బాపట్లలో 1945లో కళాశాల వెలసెను. మరుసటి యేడు, 1946లో, హైదరాబాదు సంస్థానమున ఉస్మానియా విశ్వవిద్యాలయము క్రింద మరియొకటి ఆరంభమయ్యెను. 1964లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయ మేర్పడగా ఈ కళాశాలలు దానిలో చేరినవి. 2014లో రాష్ట్రవిభజన జరిగిన పిమ్మట తెలంగాణమునకు ఆచార్య జయశంకరు గారి పేర వేరొక విశ్వవిద్యాలయ మేర్పడినది. రాజేంద్రనగరము, అశ్వారావుపేట, జగిత్యాల, పాలెము, వరంగల్లులలో దానికి కళాశాలలు గలవు. కావున మా పిల్లలకు కోయంబత్తూరు ప్రయాణము తప్పినది, కాని ఖర్చు తప్పలేదు. నాలుగేండ్లు హాస్టలులో నుండి చదువవలెను. మూడెకరముల రైతునకు అది చిన్న మాట గాదు.

ఇక రైతు అడిగిన ప్రశ్నకు వత్తము. దానమా, అప్పా? లోకమున పరిశ్రమల సొమ్ముతో నడచిన విద్యార్థివేతనములను పరిశీలించితినిగదా, అవి నాలుగు తెరగులుగా నాకు గానవచ్చినవి.

మొదటిది అప్పు. దీనికి మన దేశమున ప్రసిద్ధమగు ఉదాహరణము జంషెట్జీ టాటాగారు 1892లో నెలకొల్పిన నిధి. పై చదువులకై విదేశములకు బోవు భారతీయులకు అందుండి ధన మిత్తురు. అది ఋణము. విద్యార్థి సంపాదనలో పడిన పిమ్మట తిరిగి చెల్లింపవలెను. అట్లు తిరిగి వచ్చిన ధనము మరియొక విద్యార్థికి పోవును. ఒక దీపముతో మరియొక దీపము వెలిగించినట్లు ఆ నిధి నూరేండ్లు దాటియు నడచుచున్నది. ఇందు మోసము లేదు, మొగమాటము లేదు. అప్పని చెప్పి యిత్తురు, అప్పుగానే పుచ్చుకొందుము. తీర్చిన తరువాత ఎవరికిని ఎవరును కట్టుబడి యుండరు.

రెండవది దానము. ఇంగ్లండున మోటారుకార్ల వ్యాపారమున ధనవంతుడైన విలియం మారిస్, అనగా నఫీల్డు ప్రభువు, 1943లో ఒక ధర్మసంస్థను స్థాపించెను. ఆ సంస్థ సొమ్ముతో 1947లో రైతులకై ఒక విధమగు విద్యార్థివేతనములు మొదలిడిరి. వేతనము పొందిన రైతు ఇతర దేశములకు బోయి అచ్చటి సేద్యమును చూచి, వచ్చి తాను చూచినది తోడి రైతులకు చెప్పవలెను. అతడు పలానా కారునే కొనవలెనను నియమమేమియు లేదు. అట్టి కట్టుబాటు లేదు గనుక ఈ దానము శుద్ధమైనదని నా తలంపు. ఇచ్చువాని యంగడికిని, పుచ్చుకొనువాని విద్యకును ఎంత దూర మున్నచో దానమున కంత శుద్ధి యుండును.

మన దేశమున ఈ తెరగు దానమునకు ఇటీవల చట్టము తోడుపడినది. 2013నాటి కంపెనీల చట్టములోని 135వ విభాగము 2014 ఏప్రిల్ 1వ తేదినుండి అమలునకు వచ్చెను. దాని ప్రకారము ఆస్తులలో అప్పులు పోను 500 కోట్ల రూపాయల విలువగాని, సంవత్సరమునకు 1000 కోట్ల వ్యాపారముగాని, 5 కోట్ల నికరలాభముగాని గల సంస్థలు, గడచిన మూడేండ్ల సగటు లాభములో నూటికి రెండు వంతులు సమాజసేవకు వినియోగింపవలెను. చట్టము పేర్కొన్న సేవలలో విద్య యొకటి. కావున విత్తనముల సంస్థలు, ఎరువుల సంస్థలు, మందుల సంస్థలు నేడు విద్యార్థులకిచ్చు సొమ్ములో కొంత ఈ చట్టము క్రింద ఇచ్చునదే. ఇందొక సంగతి గమనింపుడు. తన వ్యాపారములో భాగముగా జరుపు పనిని సమాజసేవగా లెక్కింపరాదని కూడ ఆ నిబంధనలలో నున్నది. కావున ఒక సంస్థ “మేము చట్టప్రకారము సేవ చేయుచున్నాము” అనుచు, అదే పత్రమున “నీవు మా యొద్దనే ఉద్యోగము చేయవలెను” అని వ్రాసినచో, ఈ రెండు మాటలును ఎట్లు పొసగునని మర్యాదగా నడుగవచ్చును.

మూడవ తెరగును ఏమని పిలువవలెనో నాకు మొదట తోచలేదు. మా రైతు తెచ్చిన పత్రము ఈ తెరగుదే. విద్యార్థి చదువు ముగిసినతోడనే మూడేండ్లు సంస్థ పంపిన చోట పని చేయవలెను. చేయనియెడల పుచ్చుకొన్న సొమ్మునకు రెండింత లీయవలెను. తండ్రి జామీనుండవలెను. ఆఖరి సంవత్సరమున విద్యార్థి జరుపు పరిశీలన సంస్థ అమ్ము సరకులపై నుండవలెను. దాని ఫలితములను సంస్థ అనుమతి లేక వెల్లడింపరాదు. దీనిని చదివి నేను, ఇది దానము గాదు, అప్పును గాదని యనుకొంటిని. మరుసటి దినము మార్కెట్టు ప్రక్కగా పోవుచుండగా ఒక ఖరీదుదారు, చేనిలో నున్న పంటకు రైతు చేతిలో సొమ్ము పెట్టుచుండుట చూచితిని. అప్పుడు తోచినది. ఇది బయానా! పంట కోతకు రాకమునుపే దానిని పట్టియుంచుటకు ఇచ్చు బయానా. ఇక్కడ పంట పిల్లవాని చదువు.

బయానా పాపమని నేననను. అవసరమున కందిన బయానా యెందరి పెండ్లిండ్లు చేసినదో, ఎందరికి వైద్యము చేయించినదో మా యూరి వారందరికిని దెలియును. కాని బయానా పుచ్చుకొన్నవాడు ధర పెరిగినప్పుడు మరియొకని కమ్మలేడు. ఆ సంగతి యెరిగి పుచ్చుకొనవలెను, ఎరుగక పుచ్చుకొనరాదు.

నాలుగవ తెరగు ఉమ్మడి నిధి. మన ప్రాంతపు పంటయగు ప్రత్తికి దీనితో సంబంధ మున్నది గనుక కొంచెము విపులముగా జెప్పెదను. 1921లో భారత కేంద్ర ప్రత్తి సంఘ మేర్పడెను. 1923లో ప్రత్తి సెస్సు చట్టము వచ్చి దానికి ఆదాయము కల్పించెను. దేశపు మిల్లులలో వాడిన ప్రత్తిపైనను, ఓడలలో ఎగుమతియైన ప్రత్తిపైనను 400 పౌనుల బేలునకు మొదట మూడేండ్లు నాలుగణాలు, తరువాత రెండణాలు చొప్పున వసూలు చేసిరి. రెండణాలనగా రూపాయిలో ఎనిమిదవ వంతు. ఎనిమిది బేళ్లకు ఒక రూపాయి యన్నమాట. చూచుటకు చిన్న మొత్తమే. ఆ చిన్న మొత్తములు కూడి 1924లో బొంబాయి మాటుంగాలో నూలు పరీక్షించు ప్రయోగశాలగాను, అదే సంవత్సరము ఇండోరు పట్టణమున ప్రత్తి పరిశోధనాలయముగాను రూపొందినవి. ఇండోరు సంస్థకు ప్రసిద్ధ శాస్త్రజ్ఞుడగు ఆల్బర్ట్ హోవర్డు అధ్యక్షుడుగా నుండెను. ఆ సొమ్ముతోనే పట్టభద్రులగు యువకులకు ప్రత్తి పరిశోధనలో తరిఫీదునకు విద్యార్థివేతనము లిచ్చిరి.

ఇందలి కీలక మెచ్చట నున్నది? సొమ్ము మిల్లుదారులదే, ఎగుమతిదారులదే. కాని దానిని పంచినది ఏ యొక్క మిల్లుదారుడును గాదు. సంఘమున మిల్లులవారు, వర్తకులు, ప్రభుత్వోద్యోగులు, ప్రత్తి పండించువారి ప్రతినిధులు కలసి కూర్చుండెడివారు. వేతనము పుచ్చుకొన్న యువకుడు పలానా షావుకారునకు ఋణపడలేదు. ప్రత్తి కంతటికిని ఋణపడెను. ఆ తరువాత చెరకు, పొగాకు, కొబ్బరి, నూనెగింజలు మొదలగు పంటలకు గూడ ఇట్టి సంఘములు పుట్టినవి. 1965-66 ప్రాంతమున వాని నన్నిటిని ఎత్తివేసి, వాని పరిశోధనల నన్నిటిని భారత వ్యవసాయ పరిశోధన మండలి క్రిందికి తెచ్చిరి. ఆ పద్ధతి ముగిసినది గాని అందలి యుక్తి పాతబడలేదు.

ఇంకొక సంగతి మరువరాదు. మిల్లుదారు చెల్లించిన రెండణాలును అతడు తన జేబులోనుండియే యిచ్చెనని చెప్పజాలము. ప్రత్తి కొనునప్పుడు ధరలో ఆ మేరకు తగ్గించుకొని యుండవచ్చును. పరిశ్రమ యిచ్చు విద్యార్థివేతనములన్నియు ఇట్టివే. విత్తనపు సంచి వెలలో, మందుసీసా వెలలో రైతు చెల్లించిన సొమ్మే చుట్టు తిరిగి రైతుబిడ్డకు వచ్చుచున్నది. కావున పుచ్చుకొనువారు తల వంచుకొని పుచ్చుకొన నవసరము లేదు. తమ యింటినుండి పోయిన దానిలో కొంత తిరిగి వచ్చుచున్నదని యెరిగి, నిలువుగా నిలుచుండి మాటలాడవచ్చును.

పెద్ద సంస్థలు ఈ ఉమ్మడి యుక్తిని కొంతవరకు గ్రహించినవి. 2009లో మోన్‌సాంటో యను అమెరికా విత్తనసంస్థ వరి, గోధుమ వంగడములను సృజించు విద్యలో డాక్టరు పట్టమునకు చదువువారికై కోటి డాలర్లు ప్రకటించెను. దానికి హెన్రీ బీచెల్, నార్మన్ బోర్లాగ్ అను ఇద్దరు శాస్త్రజ్ఞుల పేర్లు పెట్టిరి. వేతనముల నిర్వహణమును టెక్సాసులోని విశ్వవిద్యాలయపు వ్యవసాయ విభాగమున కప్పగించిరి. మన దేశపు విద్యార్థులును దానివలన చదువుకొనిరి. ఇచ్చువాడు ఎంత గొప్పవాడైనను ఎంపికను ఇతరుల చేత పెట్టుట మంచి పద్ధతి.

ఇంతగా ఈ భేదములను తరచి చూచుట యెందులకని మీరడుగవచ్చును. సొమ్మెవరిదైన నేమి, పిల్ల చదువుకొన్న జాలదా? దీనికి సమాధానము మా జిల్లా చరిత్రలో నున్నది. 1997-98లో ఉమ్మడి వరంగల్లు జిల్లాలో ప్రత్తిపై లద్దెపురుగు, శనగపచ్చపురుగు విరుచుకొనిపడినవి. మందులు పనిచేయలేదు. కొన్ని కల్తీవి, కొన్ని అతిగా వాడుటచే పురుగునకు అలవాటుపడినవి. అప్పుల పాలై అనేకమంది రైతులు ప్రాణములు తీసికొనిరి. కొందరు ఆ పురుగుమందునే త్రాగిరి. ఆ కాలమున పల్లెలో రైతునకు సలహా చెప్పినవాడెవడు? చాల చోట్ల మందు లమ్ము దుకాణదారుడే. అరువిచ్చినవాడు నతడే. అమ్మువాడే వైద్యుడైనచో రోగి గతి యేమగునో మీరెరుగుదురు.

అట్టి దుకాణదారునకును రైతునకును నడుమ మూడవ మనిషి కావలెను. పట్టము పుచ్చుకొన్న వ్యవసాయశాస్త్రజ్ఞుడే ఆ మూడవ మనిషి. “ఈ మందు చల్లుము” అని చెప్పుట కెంత విద్య కావలెనో, “ఈ మందు దండుగ, చల్లకుము” అని చెప్పుట కంత విద్యయు, స్వేచ్ఛయు కావలెను. ఆ రెండవ మాట చెప్పు నోటిని విద్యార్థిదశలోనే బయానా పెట్టి కొనివేసినచో రైతునకు మూడవ మనిషి మిగులడు. దుకాణదారులే ఇద్దరగుదురు.

పరిశ్రమల పక్షమున చెప్పవలసినదియు గలదు. హైదరాబాదు పరిసరములు విత్తనపరిశ్రమకు దేశముననే పేరొందినవి. అచ్చట విత్తనోత్పత్తికి, నాణ్యపరీక్షకు, వంగడముల సృష్టికి చదువుకొన్నవారు వేలకొలది కావలెను. ప్రభుత్వోద్యోగములు అందరికిని చాలవు. మా ప్రక్కయూరి బాలుడొకడు ఇట్టి బయానా వేతనముతోనే చదివెను. అతని పత్రములో ఫలితములు దాచుమను షరతు లేదు. మూడేండ్ల ఉద్యోగము మాత్రమే యుండెను. నేడతడు మొక్కజొన్న విత్తనోత్పత్తి చేయించుచు పది గ్రామముల రైతులకు మేలు చేయుచున్నాడు. తల్లిదండ్రులకు ఇల్లు కట్టించినాడు. కావున షరతున్న ప్రతి పత్రమును పారవేయుమని నే ననను. షరతులలో తారతమ్య మెరుగవలెనని మాత్రమే నా మనవి.

చట్టము కూడ కొంత రక్షణ మిచ్చుచున్నది. మన కాంట్రాక్టు చట్టము 1872 నాటిది. 18 ఏండ్లు నిండనివారు చేసిన ఒడంబడిక చెల్లదని 1903లో ప్రీవీ కౌన్సిలు తీర్పు చెప్పినది. ఇంటర్మీడియెటు ముగించిన పిల్లలలో పలువురు ఆ వయస్సు లోపలి వారే. తండ్రి సంతకమును అంత పట్టుదలతో కోరుట కిదియొక కారణము. పిల్ల కట్టుబడదు గాని, జామీను సంతకము చేసిన తండ్రి చిక్కుకొనవచ్చును. అదే చట్టములోని 27వ విభాగము ప్రకారము ఒకరిని న్యాయమైన వృత్తి చేసికొననీయక నిరోధించు ఒడంబడిక ఆ మేరకు చెల్లదు. 74వ విభాగము ప్రకారము ఒప్పందము తప్పినప్పుడు వ్రాసికొన్న మొత్తమంతయు తప్పక రాదు. ఆ మొత్తమునకు మించకుండ న్యాయమని తోచిన పరిహారమే వచ్చును. అయినను ఒక మాట. కొంతకాలము ఉద్యోగము చేయుదునని వ్రాసియిచ్చుట చెల్లనిది గాదు. కోర్టు మెట్లెక్కి న్యాయము పొందుటకు మూడెకరముల రైతునకు ఓపిక చాలదు. ఆలస్యముగా దొరకు న్యాయముకంటె సంతకమునకు ముందు అడిగిన ప్రశ్న చౌక.

ఆ ప్రశ్న లేవియో చెప్పెదను. తల్లిదండ్రులు వీనిని ఒక చీటిపై వ్రాసికొన్నను మంచిదే. ఈ సొమ్ము తిరిగి చెల్లింపవలెనా? చెల్లింపవలెనన్న అసలు మాత్రమా, వడ్డీయు కలదా, రెండింతలా? చదువు నడుమ పిల్లకు జబ్బు చేసి ఒక సంవత్సరము పోయినచో వేతన మాగునా? ఉద్యోగము చేయవలెనను షరతున్నచో, ఆ ఉద్యోగము వారు తప్పక ఇత్తురా, జీతమెంత? వారు ఈయనిచో మనకు విముక్తి యెప్పుడు? విద్యార్థి దేనిని పరిశీలింపవలెనో నిర్ణయించునది గురువా, సంస్థయా? కనుగొన్న నిజమును చెప్పుకొను హక్కు విద్యార్థికి ఉండునా? భూమి, ఇల్లు దేనినైన జామీను వ్రాయమనుచున్నారా? వీనికి నోటిమాట జవాబు చాలదు. కాగితముపై రావలెను.

వీనికన్న ముందుగా చూచుకొనవలసినవి ప్రభుత్వపు సాయములు. అర్హులగు విద్యార్థులకు ఫీజు తిరిగి చెల్లించు పథకము రాష్ట్రమున కలదు. భారత వ్యవసాయ పరిశోధన మండలి కొందరు విద్యార్థులకు వేతనము లిచ్చుచున్నది. బ్యాంకుల నమూనా పథకము ప్రకారము కొంత మొత్తము వరకు విద్యాఋణమునకు తాకట్టు అడుగరాదు. వ్యవసాయ విశ్వవిద్యాలయమున రైతుబిడ్డలకు కొన్ని స్థానములు ప్రత్యేకింపబడియున్నవి. ఇవి యన్నియు చూచుకొని, ఇంకను తక్కువపడిన దెంతయో లెక్క వేసికొని, ఆ లోటునకు మాత్రమే సంస్థల వాకిలి తట్టుట వివేకము.

మా రైతు కథ ముగింపవలెను. మూడవ దినమున తండ్రియు కుమార్తెయు నా యింటికి వచ్చిరి. మువ్వురమును కూర్చుండి నాలుగు మార్పులు కోరుచు సంస్థవారికి జాబు వ్రాసితిమి. రెండింతలు వద్దు, పుచ్చుకొన్నంతయే తిరిగి యిత్తుము. చదువు ముగిసిన మూడు మాసములలో ఉద్యోగ మీయనిచో విముక్తి కావలెను. తండ్రి జామీను వద్దు, పిల్లయే 18 ఏండ్లు నిండిన పిమ్మట సంతకము చేయును. నాలుగవది, పరిశీలనలో తేలిన ఫలితమును చెప్పుటకు ఎవరి యనుమతియు అవసర ముండరాదు. పదిదినములకు జవాబు వచ్చెను. నిజము చెప్పవలెనన్న వారు మర్యాదగానే వ్రాసిరి. మొదటి మూడింటికిని ఒప్పుకొనిరి. నాలుగవ దానికి ఒప్పుకొనలేదు.

నాకు అది చాలుననిపించినది. తండ్రికిని చాలుననిపించినది. మూడు మార్పులు సాధించితిమని లోలోన గర్వపడితిని గూడ. కాని బాలిక జాబును మరల మరల చదివి, “సారూ, మన తోట పోయిన యేడు ఏ మందు పనిచెయ్యదో ఎవరన్న నిజం చెప్తే నాయినకు అప్పు గాకపోవు. నేను చదివేదే అది చెప్పనీకి. చెప్పనని రాసిచ్చి చదువుతే ఏం ఫాయిదా?” అన్నది.

నేను బదులు చెప్పలేకపోతిని. పంతులు నేను, పాఠము చెప్పినది ఆమె.

వారా వేతనమును పుచ్చుకొనలేదు. ఫీజు పథకమునకు దరఖాస్తు పెట్టిరి, బ్యాంకు ఋణము తీసికొనిరి. మొదటి సంవత్సరపు హాస్టలు ఖర్చునకు సొమ్ము చాలక తండ్రి పాడిబర్రెను అమ్మెను. నేటికిని వారి యింటి ముందునుండి పోవునపుడు ఖాళీ కొట్టమును జూచి, మా సలహా వారికి మేలు చేసినదా, భారము పెట్టినదా యని నేను తలపోయుదును. ఆమె చదువు సాగుచున్నది. మొన్న సెలవులకు వచ్చి తండ్రి మిరపతోటలో నీలిరంగు జిగురట్టలు కట్టినది. పురుగు లెన్ని పడుచున్నవో ప్రతిదినము లెక్క వ్రాసి పెట్టుమని తండ్రికొక పుస్తక మిచ్చి పోయినది. లెక్క తెలియకమునుపు మందు చల్లరాదని ఆమె యాజ్ఞ.

ఆ బర్రెను అమ్మవలసిన యవసరము లేకుండ చేయవచ్చునా? చేయవచ్చునని నా నమ్మకము. పూర్వపు ప్రత్తి సంఘపు యుక్తిని చిన్నదిగా మన మార్కెట్టులకు తేవచ్చును. క్వింటాలున కొక రూపాయి చొప్పున ఖరీదుదారులు, జిన్నింగు మిల్లులవారు, విత్తన దుకాణదారులు, రైతులు కలసి ఒక ఉమ్మడి నిధి పెట్టుకొన్నారనుకొందము. లక్ష క్వింటాళ్ల సరకునకు లక్ష రూపాయ లగును. ఒకరిద్దరు పిల్లల హాస్టలు ఖర్చునకు అది ఆసరా. నిధిని పంచుటకు కళాశాల గురువొకరు, బడిపంతు లొకరు, రైతు లిద్దరు, వర్తకు లిద్దరు కూర్చుండవలెను. షరతు ఒక్కటి చాలును. వేతనము పుచ్చుకొన్న విద్యార్థి ప్రతి సెలవులలోను మార్కెట్టు ఆవరణములో ఒక దినము కూర్చుండి, తాను నేర్చుకొన్నది అడిగిన రైతునకు చెప్పవలెను. పని చేయు మందు పేరు చెప్పవలెను, పని చేయని మందు పేరును చెప్పవలెను.

శ్రోతలారా! మీ యింటికి గూడ ఒకనాడు ఇట్టి కాగితము రావచ్చును. తొందరపడి సంతకము చేయకుడు, తొందరపడి చింపివేయకుడు. దానమా, అప్పా, బయానాయా యని మొదట అడుగుడు. మీ యింట చదువుకొన్న పిల్ల యున్నచో ఆ కాగితమును ఆమె చేతికిచ్చి చదివింపుడు. మనకంటె వారికే యెక్కువ తెలియు కాలము వచ్చినది.